మొగం చూసినావా?

కోదండపాణికి ఉన్నది ఒకటే జబ్బు. మొగం చూడందే ఎవరినీ ఫలానా అని నమ్మడు. ప్రొద్దుటూరులో పెన్షనర్లు బతికున్నారో లేదో చూసి కాగితం మీద సంతకం పెట్టే గుమాస్తాగిరీ ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనది. సొంత అన్న ఫోన్ చేసి "నేనురా" అన్నా, "వీడియోలోకి రా, చూస్తా" అని పెట్టేస్తాడు. పెళ్లి పీటల మీద జయలక్ష్మికి, ఆయనకు మధ్య తెర పట్టుకుంటే, అది దించందే జీలకర్ర బెల్లం పెట్టనని కూర్చున్నాడట. ముహూర్తం దాటిపోతోందని పురోహితుడు మొత్తుకుంటే, "మొగం చూడకుండా నేను యాడా సంతకం పెట్టను స్వామీ" అన్నాడట.

ఈ జబ్బు వల్ల ఊరికి పెద్ద నష్టమేం లేదు. నష్టమంతా మేనల్లుడు కౌశిక్‌కే. వాడు ఒక హీరోకు ప్రొద్దుటూరు అభిమాన సంఘం అధ్యక్షుడు. ఆ హీరో చేసిన సూపర్‌హీరో సినిమా 'ఉక్కురెక్క' వచ్చింది. మొహం నిండా ఇనుప ముసుగు, వీపున రెక్కలు, గండికోట గోడ మీదినుంచి లోయలోకి దూకడాలు. మొదటిరోజు థియేటర్ ముందు నలభై అడుగుల కటౌట్ పెట్టి, కౌశిక్ పాల బిందెతో నిచ్చెన ఎక్కాడు. కింద మామ నిలబడి ఉన్నాడు.

"రేయ్ కౌశికూ, పాలు ఎవురికి పోస్తాండావు?"

"మా హీరోకు మామా."

"మొగం చూసినావా?"

"ముసుగేసుకోనుండాడు గదా."

"అదే నేను చెప్తాండేది. మొగం చూసి పోయండప్పా పాలు."

జనమంతా నవ్వారు. కౌశిక్ కిందికి తిరిగి చూసేసరికి బిందె వంగి సగం పాలు వాడి చొక్కా మీదే ఒలికాయి.

ఆ రోజు మొదలు వాడి బతుకు బతుకు కాదు. మామ ఆ సినిమాను ప్రొద్దుటూరులో ఒకసారి, జమ్మలమడుగులో ఒకసారి, పులివెందులలో ఒకసారి చేతి గడియారం పెట్టుకుని చూసొచ్చాడు. ముసుగులో గంటా నలభై రెండు నిమిషాలు, మొహంతో ముప్పై ఒక్క నిమిషం అని తేల్చాడు. పులివెందులలోనైనా ముసుగు తీస్తారేమోనని ఆశపడ్డాడట.

ఊరు చూస్తే సినిమాను చీల్చి చెండాడుతోంది. అవతలి సంఘం నాగసాయి అయితే మరీను.

"ఆ పాత్రకు మీ హీరో సరిపోలేదప్పా. తల్లి చచ్చిపోయిన సీన్లో గూడా టూత్‌పేస్టు యాడ్‌లో మాదిరి ఉండాడు."

అది నిజమేనని కౌశిక్‌కూ తెలుసు. ఆ మాట పైకి అంటే అధ్యక్షుడెలా అవుతాడు? వాడికి మిగిలిన ఆధారమల్లా ముసుగు సీన్లే. "మొగం ఇడిసిపెట్టు. ఆ నడక చూడు. కాలు కింద పెట్టేముందు ఎడమ భుజం వంచి ఒక్క క్షణం ఆగుతాడే, అది నటన అంటే" అని వాడు గొంతు సవరించుకునే లోపల పక్కనుంచి వినిపిస్తుంది.

"మొగం చూసినావా?"

అంతే, వాదం కూలిపోతుంది. నలభైమంది ఉన్న సంఘం ఏడుగురికి దిగింది. శుక్రవారం సినిమా ఎత్తేస్తామని థియేటర్ మేనేజరు చెప్పేశాడు. ఆ లోపల జనాన్ని మళ్లీ రప్పించకపోతే సంఘం బోర్డు దించుకోవాల్సిందే. ఇంతకంటే నరకం ఉండదని కౌశిక్ అనుకున్నాడు, కానీ ఉంది. మామ రోజూ సాయంత్రం ఆ వాదం పెట్టడానికి ఒక అంగడి చూశాడు. అది పెన్షన్ తీసుకునే హజరాబీ ఇంటి కిటికీ పక్కనుండే టీ అంగడి. అక్కడి టీలో అన్నీ ఉంటాయి, టీ ఒక్కటే ఉండదు.

"ఈడికే ఎందుకు మామా?"

"ఈడ టీ బాగుంటది. గాలి గూడా వస్తది."

ఆ సందులోకి గాలి వచ్చి ఎన్నేళ్లయిందో. పైగా మామకు ఉన్నట్టుండి చెవుడు వచ్చింది. ఆఫీసులో నాలుగు బల్లల అవతలి గుసగుస వినే మనిషి, ఇక్కడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "గట్టిగా చెప్పు, ఇనపడల్యా" అంటాడు.

ఒకరోజు హజరాబీ మందుల సంచీతో వస్తూ ఆగింది. "కట్టు ఇప్పి రెండు నెలలాయె అన్నా. మా రహమాను కాలు కింద పెట్టల్యా. నడవకపోతే కాలు బిగుసుకపోతాదంట. ఎవురి కోసం నడవాలమ్మా అంటాడు. కిటికీ గూడా తీయనీడు." ఆమె కొడుకు హైదరాబాదులో ఏదో పని చేస్తూ బైకు మీదినుంచి పడ్డాడని వీధంతా అనుకునేది. పాపం అనిపించింది కౌశిక్‌కు, కానీ వాడి ఏడుపు వాడికుంది.

"ఆ దూకుడులో ఏముందిరా? నేను గూడా దూకుతా" అన్నాడు మామ ఆ వెంటనే, కిటికీ వైపు తిరిగి.

కౌశిక్‌కు ఒళ్లు మండింది. కోట గోడ మీద పరుగు, గాల్లో మలుపు, పడ్డాక ఒక మోకాలి మీద లేవడం, అన్నీ సందు అదిరిపోయేట్టు చెప్పాడు. చివరికి నాగసాయి కూడా ఒప్పుకున్నాడు. "హీరోను నేను ఒప్పుకోను. ఆ పడేది మాత్రం చూసి నా పేగులు జారినాయి మామా."

"ఇనపడల్యా. ఇంకోసారి చెప్పు."

నాగసాయి ఇంకోసారి చెప్పాడు. మర్నాడు కిటికీ రెక్క బెత్తెడు తెరిచి ఉంది. గాలికేమోననుకున్నాడు కౌశిక్.

గురువారం వచ్చింది. సంఘంలో మిగిలింది కౌశిక్ ఒక్కడే. రేపటి సినిమా పోస్టర్లు అంటించేశారు. వాడు బెంచీ మీద కూలబడితే, మామ జాలి లేకుండా మళ్లీ అడిగాడు.

"ఇంతకూ మొగం చూసినావా?"

"చూడల్యా మామా. సరేనా? మా హీరో కాకపోతే పోనీ. అది ఎవురైనా కానీ, ఆ నడక నడిచినోడు శానా గొప్పోడు. పదకొండుసార్లు చూసినా, పదకొండుసార్లూ వాని కోసమే పోయినా. నేను పాలు పోసింది వానికే."

హజరాబీ ఇంటి తలుపు తెరుచుకుంది. చేతికర్ర పట్టుకుని, గడ్డం పెరిగిన మనిషొకడు గడప దగ్గరికి వచ్చాడు. కాలు కింద పెట్టేముందు ఎడమ భుజం వంచి, ఒక్క క్షణం ఆగాడు.

కౌశిక్ లేచి నిలబడ్డాడు. వాడికి మొహం చూడాల్సిన పని పడలేదు. నాగసాయి చేతిలోని గ్లాసు ఒరిగి టీ ఒలికింది. వెనక హజరాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు కాళ్లనే చూస్తోంది.

"నీకు ముందే తెలుసా మామా?"

"పెన్షన్ కాగితానికి ఆయమ్మ మొగం చూడనీకె పోతే, మంచం మీద ఈయప్ప మొగం గూడా చూసినా. గండికోటలో తాడు తెగిందంట. ముసుగులో ఉండేది తానని ఎవురికీ చెప్పొద్దని సినిమావోళ్లు రాయించుకున్నారంట. నేను ఎవురికన్నా చెప్పినానా? అడిగినా, అంతే."

సినిమా పోతే పోయింది, సంఘం పోతే పోయింది. కౌశిక్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంగడాయనను అడిగి పెద్ద గ్లాసు నిండా పాలు తీసుకుని, రెండు చేతులతో రహమాన్ ముందు పట్టాడు.

రహమాన్ సిగ్గుపడ్డాడు. "నాకు పాలు పడవు అన్నా. టీ ఉంటే ఇయ్యండి."

"ఈడ టీ మాత్రం తాగొద్దప్పా" అన్నాడు కోదండపాణి కంగారుగా. "శానా అధ్వానం."

పదిరోజులుగా ఆ టీనే బాగుంది బాగుందని తాగిన మామ మొహాన్ని కౌశిక్ ఆ సాయంత్రమే మొదటిసారి సరిగ్గా చూశాడు.