రాగి గంజు మీది పేరు

పైసలు పెట్టి కొన్న పుస్తకాన్ని సగంలో మూసేయడం నాకు చేతకాదు. కరీంనగర్‌లో డిగ్రీ చదివే మా మనుమరాలు సెలవులకు పెద్దపల్లి వస్తూ ఒకటి తెచ్చింది. నిజాం రాజ్యం పోయిన రోజుల గురించి. రజాకార్ల దుర్మార్గాలతో పాటు, సైన్యం వచ్చాక ఏ పాపం ఎరగని ముస్లిం కుటుంబాలు ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన సంగతీ రాశారు.

"గిసొంటి పుస్తకాలు ఇంట్ల పెట్టకున్రి, లొల్లి అయితది" అని మా కొడుకు గయ్యిమన్నాడు. వాడు అట్ట తప్ప ఏమీ చూడలేదు. మూడో తరగతి చదివిన నేను వేలు పెట్టుకుంటూ పన్నెండు రోజుల్లో పూర్తి చేశాను.

వదిలేసిన ఇళ్లలోని గిన్నెలు ఎవరెవరి ఇళ్లకో చేరాయన్న చోట నా వేలు ఆగింది. మా వంటింట్లో కందులు పోసే పెద్ద రాగి గంజు ఉంది, పాతకాలపు వంట పాత్ర. దాని అంచు కింద ఉర్దూ అక్షరాలు. మామ అంగట్లో కొన్నాడనీ, అవి దుకాణం గుర్తనీ మా అత్త చెప్పేది. అయినా ఆ వైపును ఎప్పుడూ గోడకే తిప్పి పెట్టేది. ఆమె తర్వాత నేనూ యాభై ఏళ్లు అలాగే పెట్టాను. మా దిక్కు పెళ్లి సామాను మీద పెళ్లికూతురి పేరు కొట్టిస్తారు. దుకాణం పేరు ఎవరు కొట్టిస్తారు? ఇన్నేళ్లూ నాకు తోచనే లేదు.

మా వీధి చివర గాజులమ్మే ముసలావిడ పెద్దలు అప్పుడు ఊరు విడిచి, ఏళ్లకు తిరిగొచ్చినవాళ్లు. ఆమెకు ఉర్దూ చదవడం వచ్చు. కందులు గుమ్మరించి, ఆ అక్షరాలు చదివించడానికి నేనూ మనుమరాలూ గంజును అక్కడికే మోసుకెళ్లాం. ఆటో దండగ. దారంతా నాకు ఒకటే బుగులు, మామ దొంగ అని తేలితే?

ఆమె అద్దాలు పెట్టుకుని చదివింది. వేలితో అక్షరాలు తడుముతూ మళ్లీ చదివింది.

"గిది మా దాదీ, మా నాయినమ్మ పేరు చెల్లె. సిపాయిలు ఎత్కపోయిండ్రని మా అబ్బా చెప్పేటోడు."

"మా అత్త కొన్నమని చెప్పేది."

"ఇగ ఎవ్వలది నిజం?"

"మా మామ ఎత్కొచ్చిండో, మీ కొరకు దాసిపెట్టిండో నాకు ఎర్క లేదు ఆపా. గంజు మాత్రం నీది."

ఆమె గంజు చుట్టూ చెయ్యి తిప్పి ఫక్కున నవ్వింది. "ఒక్క సొట్ట లేదు! మా కోడండ్ల చేతుల వడితే ఎన్నడో పాతసామానోనికి ఏసేటోళ్లు."

"చింతపండుతోని తోము. పీచుతోని గీకకు."

"ఇచ్చుకుంట గూడ హుకుం జేస్తున్నవ్!"

శుక్రవారం అందులో వండిన ఖుబూలీ, శనగపప్పు పులావు, మా ఇంటికి వచ్చింది. కొడుకు రెండుసార్లు వడ్డించుకుని, అప్పుడు వంటింట్లో ఖాళీ అయిన చోటు చూసి అడిగాడు, "గంజేది?"

"పేరు గల్లోళ్ల ఇంటికి వోయింది. ఎందుకో గా పుస్తకంల ఉంది."

మామ గురించి ఏమనుకోవాలో నేనింకా తేల్చుకోలేదు. కొడుకు ఇప్పుడు ఇరవయ్యో పేజీలో ఉన్నాడు. మధ్యలో మూయనివ్వను.