అమావాస్య నాడు పాడిన ఆల్బమ్

మా తమ్ముడి బ్యాండ్ రెండో ఆల్బమ్‌లో వెనక వినిపించే మగ్గాల చప్పుడు ముందే ఆలోచించి పెట్టిందని, అదొక సాహసోపేతమైన ప్రయోగమని మొన్న ఎవరో కుర్రాళ్లు వీడియోలో తెగ చర్చించుకున్నారు. తమ్ముడి కూతురు మురిసిపోతూ దాన్ని నాకు పంపింది. మెచ్చుకున్నందుకు సంతోషమే కానీ, లేనిదాన్ని మెచ్చుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రయోగమూ లేదు, పాడూ లేదు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

మొదటి ఆల్బమ్ బెంగళూరు స్టూడియోలో ఇంగ్లిషులో పాడారు. అక్కడి పత్రికలు మా హిందూపురం పిల్లల్ని ఆకాశానికెత్తాయి. నాకు మాత్రం అది ఇస్త్రీ చేసిన చొక్కాలా, ఎవరు తొడుక్కున్నా సరిపోయేలా అనిపించేది. రెండోది మన మాటల్లోనే పాడాలని తమ్ముడు పట్టుబట్టి, ధర్మవరంలో తన డ్రమ్మర్ ఇంటి మగ్గాల కొట్టంలో రికార్డింగు పెట్టాడు. నేతవాళ్లు అమావాస్యకు మగ్గం ముట్టరు కాబట్టి ఆ ఒక్కరోజు వీధంతా ప్రశాంతంగా ఉంటుందని డ్రమ్మర్ ధీమా. నేతింటి బిడ్డ అయ్యుండీ, వెనక వీధిలో కొత్తగా వెలసిన పవర్‌లూమ్ షెడ్డుకు అమావాస్య లేదన్న సంగతి వాడికే తట్టలేదు. తమ్ముడు మొదటి పాట ఎత్తుకోగానే గోడ అవతల టకటకా మొదలైంది.

గడపలో కూర్చున్న డ్రమ్మర్ తల్లి తగులుకుంది: “ఏమబ్బా, నెలకొక పొద్దన్నా చెవులకు సుఖమనుకుంటే, ఆడ ఆ మిషన్లు, ఈడ మీరు! నేనింగ యాడికి పోవల్ల?”

అందరం నవ్వాం, తమ్ముడు తప్ప. వాడు కళ్లు మూసుకుని వింటున్నాడు. “ఆ చప్పుడు నిలబడదక్కా, మనమే దాని ఎంబడి పోదాం” అన్నాడు. డ్రమ్మర్ తన దెబ్బలు సగానికి సగం మానేసి, ఆ చప్పుడు మధ్య సందుల్లోనే వాయించాడు. దాన్ని దాటి వినపడాలని తమ్ముడు గొంతెత్తితే, అంతకుముందు ఎన్నడూ వినని గొంతు బయటికొచ్చింది. చప్పుడు పొరపాటున వచ్చిందే కానీ, పాట పొరపాటున రాలేదు. నా వాదన అంతే.

మొదటిదాన్ని మోసిన బెంగళూరు విమర్శకుడే రెండోదాన్ని నాలుగు ముక్కల్లో కొట్టిపారేశాడు. శుభ్రంగా రికార్డు చేయడం కూడా మరిచిపోయారట, మిషన్ల రొదట. పత్రికలో అచ్చయితే వేదమని నమ్మిన తరం కదా మనది, తమ్ముడు మూడో ఆల్బమ్‌కని కట్టిన బాణీలు పక్కన పడేశాడు.

ఆ తర్వాత ముందే ఒప్పుకున్న కచేరీ ఒకటి పెనుకొండలో జరిగింది. జనం ఆ మొదటి పాటనే మళ్లీ పాడించుకున్నారు. రెండోసారి, మిషన్ చప్పుడు లేని లోటు తీర్చడానికి మైదానమంతా తామే చప్పట్లతో ఆ దరువు పట్టారు. వాడు వేదిక దిగి వస్తూనే చెయ్యి పట్టుకుని, ఇంకేం కావాలిరా అని నిలదీశాను.

“వీళ్లు మనోళ్లక్కా. బాగుండాదనే అంటారు” అని నవ్వేశాడు.

మూడో ఆల్బమ్ రాలేదు. తమ్ముడు ఆ పనీ ఈ పనీ చేసి, పెనుకొండ దగ్గర కార్ల కంపెనీ వచ్చాక అందులో చేరి ఈరోజు వరకూ షిఫ్టులు చేస్తున్నాడు. ఇప్పుడు విమర్శకులకు ఆనాటి పెత్తనం లేదు, ఫోనున్న ప్రతివాడూ తీర్పరే. ఆ ధర్మవరం వీధిలో ఇప్పుడు ఇంటింటా పవర్‌లూములే, అమావాస్యకు కూడా చప్పుడు ఆగదట. ముక్కూమొహం తెలియని పిల్లలు ఎక్కడెక్కడి నుంచో ఆ ఆల్బమ్‌ను పొగుడుతుంటే, పాడినవాడు స్నానాలగదిలో కూడా కూనిరాగం తీయడు.

ఒరే తమ్ముడూ, మనవాళ్ల చెవులు చెవులే కావని నీకెవరు నేర్పార్రా?