పోయొస్త అనని మేనత్త

మొన్న పొద్దున పక్కింటివాళ్ల ఫోనుకు గద్వాల నుంచి మామ కబురు చేశాడు. మా మేనత్త పోయింది. దాంతోపాటు ఆమె చివరిగా అన్న మాట ఒకటి చెప్పాడు. అది చివర్లోనే చెప్తాను.

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నేత ఇల్లు. మామ మగ్గం మీద ఉంటే అత్త రాట్నం ముందుండేది. అంచు నేయగా మిగిలిన పట్టుదారాలతో నా జడ కట్టేది. ఆమెకున్న ఒకే ఒక్క పిచ్చి, టీవీలో వారం వారం వచ్చే ఒక హిందీ దయ్యాల సీరియల్. అందులో కొండ మీద ఎర్ర ఇటుకల ఇల్లు, కిటికీలో ఒక ముసలామె. వచ్చినవాళ్లు వెళ్లేటప్పుడు మళ్లీ వస్తామన్నారో, వాళ్ల పని అయిపోయినట్టే. ఎక్కడున్నా ఆ ముసలామె వెతుక్కుంటూ వచ్చి తీసుకుపోయేది. నేను మొహానికి దుప్పటి కప్పుకునేదాన్ని. అత్త మాత్రం కండెలు చుట్టుకుంటూనే, "నోర్మూసుకొని పోరాదె పిచ్చిదానా" అని హీరోయిన్‌ని తిట్టేది.

మామ చీరలు పట్టుకొని నేపాల్‌లో ఎగ్జిబిషన్‌కు పోతే అత్తా వెంట పోయింది. ఆ సీరియల్ తీసిన ఇల్లు దగ్గర్లోనే ఉందని అక్కడ ఎవరో చెప్పారు. ఇక ఆగుతుందా! గుళ్లు తర్వాత చూడొచ్చని మామను బస్సెక్కించింది.

ఇల్లు అచ్చం టీవీలో ఉన్నట్టే ఉందట. తలుపు తీసింది మాత్రం ఆ నటి కాదు, ఆ ఇంట్లోనే ఉండే ఒక పెద్దావిడ. షూటింగ్ ఎక్కడెక్కడ జరిగిందో చూపించి, చాయ్ ఇచ్చి, ఎంతో మర్యాద చేసిందట. అత్త లేచి చెప్పులు తొడుక్కుంటూ అలవాటు కొద్దీ అనేసింది, "పోయొస్తమ్మా."

మన దగ్గర ఇంకేమంటారు? పోతున్న అంటే అశుభమాయె. ఆ మాట ఆవిడకు అర్థం కాలేదు. మామ ఊరుకున్నా బాగుండేది. పోయి మళ్లీ వస్తానంటోందని హిందీలో విప్పి చెప్పాడు. ఆవిడ నెమ్మదిగా తలూపి, "అచ్ఛా. మై రాహ్ దేఖూంగీ" అందట. ఎదురు చూస్తానని. వీళ్ల బస్సు మలుపు తిరిగేదాకా కిటికీలో నిలబడే ఉందట.

ఆనాటి నుంచి అత్త నోట ఆ మాట పోయింది. నాకు టీచరుద్యోగం వచ్చి వనపర్తికి మారాక, నా దగ్గరికి వచ్చి పోయేటప్పుడల్లా చీర మడతలు సర్దేది, నా చేతికింత ముద్ద పెట్టేది, నా వైపు ఒక చూపు చూసి సంచి తీసుకొని గడప దాటేది. నాకు ఒళ్లు మండేది. కన్నతల్లి ఎటూ లేదు, ఈమైనా మళ్లీ వస్తానని ఒక్కసారి అనదేమని. నేపాల్ నుంచి ఆ ముసలామె వచ్చినా రాయచూర్‌లో రైలు దిగాక బస్సు దొరక్క తిరిగిపోతుందిలే అని ఎగతాళి చేశాను. అత్త నవ్వలేదు.

"ఒక తాన మాటిచ్చిన బిడ్డా. అది తీరకుండ ఇంకోతాన ఎట్ల ఇస్త?"

పోయిన వారం అత్తకు జబ్బు చేసిందని గద్వాల పోయి, దవాఖానలో ఆమె మంచం పక్క స్టూలు మీద కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళ. కళ్లు తెరిచి, నా వెనక గుమ్మం వైపు చూసింది.

"జర లే బిడ్డా. ఆమె ఎప్పటిసంది నిలబడే ఉన్నది."

తిరిగి చూస్తే గుమ్మంలో ఎవరూ లేరు. అయినా లేచాను. స్టూలు మంచం దగ్గరికి జరిపి గోడకు ఆనుకొని నిలబడ్డాను. బస్సు టైమైంది. పోయొస్త అత్తా అనబోయి ఆగాను. కాళ్లకు మొక్కి వచ్చేశాను.

మామ ఫోన్లో చెప్పింది ఇదీ. తెల్లారుజామున అత్త ఆయన చెయ్యి పట్టుకుందట. ఇచ్చిన మాట తీరిందిక అన్నట్టు తేలికపడి, "బిడ్డకు చెప్పు. పోయొస్త" అన్నదట.

ఇన్నేళ్లూ ఆ మాట కోసమే అలిగాను. ఇప్పుడు సాయంత్రం గాలికి వాకిలి తలుపు కొట్టుకుంటే లేచి వెళ్లి గొళ్లెం మీద చెయ్యి పెడుతున్నాను. తీయాలంటే భయం. తీయాలనీ ఉంటుంది.