బేచిరాగ్ అని నేను రాసిన ఊరు

పదేళ్ల కిందట ఒక ఊరి పేరు పక్కన నేనొక తప్పుడు మాట రాశాను. ఆ ఊరు రేగులకుంట, చేవెళ్లకు అర మైలు దూరంలో ముప్పై గడపల పల్లె. అప్పట్లో నేను చేవెళ్ల పట్వారీ దగ్గర ఊళ్ల లెక్కల రాతపని చేసేవాణ్ణి. మనుషులు లేని ఊరిని సర్కారు ఉర్దూలో ‘బేచిరాగ్’ అని రాసేవాళ్లం, అంటే దీపం లేనిది. రేగులకుంట ఇప్పుడు చేవెళ్లలో ఒక వాడ అయిపోయిందని పోయిన నెల ఎవరో చెప్పారు. నా రాత వల్లే ఆ ఊరు పోయిందని అర్థమైంది. వెళ్లి తప్పు ఒప్పుకుందామని బయలుదేరాను.

అఫ్జల్‌గంజ్‌లో ఉదయం ఏడింటికి బస్సు, కిరాయి పది అణాలు. యుద్ధం వల్ల పెట్రోలు లేక బొగ్గుతో నడుపుతున్నారు. లంగర్‌హౌజ్ మీదుగా మొయినాబాదు చేరేసరికి తొమ్మిదిన్నర. ఆ తర్వాతి ఎత్తు దగ్గర డ్రైవరు అందరినీ దింపేశాడు. “జర నూకుండ్రి. ఫికర్ చెయ్యకుండ్రి, దిగుడు రాంగనే అదే ఉరుకుతది,” అన్నాడు. క్షమాపణ చెప్పుకోవడానికని ప్రత్యేకంగా ఉతికించి కట్టుకున్న ధోవతికి అక్కడే మసి అంటుకుంది.

పదకొండింటికి చేవెళ్లలో దిగి, సంత పక్క హోటల్లో రెండణాలకు జొన్నరొట్టె, పప్పు తీసుకుని దారి అడిగాను.

“రేగులకుంటనా? గసొంటి ఊరు లేదన్నా,” అన్నాడు హోటలాయన. అంతలోనే నవ్వాడు. “ఓ, బేచిరాగ్ వాడనా! గట్ల చెప్పు. సంత ఎన్కనే ఉన్నది. గా వాడకు పిల్లనియ్యాలంటే జంకుతరు. దీపం లేని ఇండ్లకు ఆడపిల్లను ఎట్ల తోలుతరు?”

దఫ్తరులో నేను రాసిన మాట బజారుకెక్కిందని అప్పుడు తెలిసింది. సగం రొట్టె వదిలేసి లేచాను.

పది నిమిషాలు నడిచాక ఒక గడప ముందు ఒక ముసలామె కందులు చెరుగుతోంది. హోటల్లో విన్న మాట నోట్లోనే ఉన్నట్టుంది. “అవ్వా, బేచిరాగ్ వాడ ఇదేనా?” అనేశాను.

ఆమె చేట కింద పెట్టింది. “రేగులకుంట అను బిడ్డా. అనేటోళ్లు శానమంది ఉన్నరు, నువ్వు గూడ ఎందుకు?”

ఆమె పేరు మల్లవ్వ. అన్న మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చింది. గుమ్మం పక్క గూట్లో మిట్టమధ్యాహ్నం దీపం వెలుగుతోంది. ఎందుకని అడిగాను.

“రాసినాయన పట్టపగలు వచ్చిండట. రాత్రి పెట్టే దీపాలు ఆయనకెట్ల కనవడతయి? అందుకే పగలు గూడ పెడుతున్న. మళ్ల వస్తే చూడాలె గద.”

“అవ్వా, రాసింది నేనే,” అన్నాను.

నేను ఆ మాట రాసిన ఏడాది ఎలుకలు చచ్చి రాలుతుంటే ప్లేగు భయంతో ఊరు ఊరంతా ఇళ్లకు తాళాలేసి చేన్లలో గుడిసెలు వేసుకుంది. నేను బాట మీద నుంచే తాళాలు చూసి వెనక్కి తిరిగాను. జనం ఇళ్లకు వచ్చేసరికి కాగితాల్లో ఊరు లేదు. ఇదంతా ఆమెకు చెప్పాను.

“గుడిసెల పొగ కనవడలేదా?”

“కనబడింది.”

“మరి రాకపోతివేంది?”

“భయమేసింది అవ్వా.”

“మాకు గూడ భయమయ్యే బిడ్డా. అందుకే గద ఇండ్లిడిచి పోయినం.” గూటివైపు చెయ్యి చూపింది. “సరే, ఇప్పుడొచ్చినవు. దీపం చూసినవు. రాయి మరి.”

ఆ కొలువు మానేసి ఆరేళ్లయిందని, ఇప్పుడు నా రాత ఏ దఫ్తరులోనూ చెల్లదని చెప్పాల్సి వచ్చింది. మల్లవ్వ లేచి దీపంలో నూనె పోసింది.

నాలుగింటి బస్సుకు తిరిగొచ్చాను. తప్పు చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని వెళ్లాను, పడలేదు. ఆ పొగ సంగతి ఒప్పుకుంటూ అర్జీ రాసి సంతకం పెడతాను, అది ఎవరు చదువుతారో తెలియదు. మీలో ఎవరైనా అటు వెళితే ఒక్కటే చెబుతాను: చేవెళ్లలో దిగి రేగులకుంట ఎక్కడని అడగండి. అలాంటి ఊరు లేదంటే మళ్లీ ఆ పేరుతోనే అడగండి. రెండో పేరు నోట రానివ్వకండి. పదేళ్ల కిందట దాన్ని కాగితం మీద రాసిన నేనే, మొన్న మల్లవ్వ గడప ముందు నిలబడి పైకి కూడా అనేశాను.