ఒక్క గుంతకు అనుమతి

నీటి సరఫరా కార్యాలయంలో ఆమె హోదా పేరు ఒక్క గుక్కలో పలకగలిగేది కాదు. పట్టణంలోని వారు దాన్ని కుదించి గొట్టాలత్తయ్య అన్నారు. నేల కింద గొట్టాలు ఎక్కడ కారుతున్నాయో చెవితో కనిపెట్టడం ఆమె వృత్తి. నాలుగడుగుల ఇనుపకడ్డీ, దాని పైకొనకు అరిగి నున్నబడిన చెక్కగుండీ, ఇంతే ఆమె సాధనసంపత్తి. కడ్డీ మొనను కుళాయి మీద ఆనించి, గుండీకి చెవి చేర్చి, కళ్లు మూసుకుని నిలబడేది. శ్రవణాన్ని భక్తికి తొలిమెట్టుగా పెద్దలు ఎందుకు నిలిపారో ఆ నిలుచున్న తీరు చూస్తే తేటపడేది. పక్కనుంచి బస్సులు పోతున్నా ఆమె కనురెప్ప కదిలేది కాదు. చివరికి కళ్లు తెరిచి, మడమతో నేల మీద గీత గీసి, "ఇక్కడ తవ్వండి" అనేది. ముప్పై ఒక్క సంవత్సరాలలో ఆ గీత తప్పిన సందర్భాలు నాలుగో అయిదో.

అటువంటి ఆమెకు కంట్లో నలుసైనది పై వీధి. మిట్ట మీదకు పాకే ఆ వీధిలో ఇరవై రెండు ఇళ్లు. మొదట్లోని ఇళ్లకు నీళ్లు బాగానే వచ్చేవి. పైకి పోయేకొద్దీ ధార దారమయ్యేది. చివరి ఇంటివాళ్లు ఒక్క బకెట్టు కోసం గంటసేపు కాపు కాసేవారు. ఎక్కడో కారుతోందని అందరికీ తెలుసు. కొత్తగా వేసిన రోడ్డును తవ్వనివ్వడానికి మాత్రం పురపాలక సంఘం ఒప్పుకోలేదు.

ఆ ఏడాది ఒక అంతర్జాతీయ సంస్థ ముందుకు వచ్చింది. నీరు, నేల వంటి వనరులు రేపటివారికి కూడా మిగిలేలా యువతీయువకులే పూనుకుని చేసే పనులకు అండగా నిలవడం దాని ఆశయం. పై వీధి యువతలో పదకొండు మంది మండలిగా ఏర్పడి దరఖాస్తు పెట్టారు. వారికి నాయకురాలు గొట్టాలత్తయ్య మేనకోడలే. పందొమ్మిదేళ్ల పిల్ల, కరెంటు పని నేర్చుకుంటోంది. సంస్థ పేరు చూసి పురపాలక సంఘం కాస్త మెత్తబడి ఒక్క గుంతకు అనుమతి ఇస్తానంది. సంస్థ ప్రతినిధి ఎదుట తవ్విన ఆ గుంతలో కారే చోటు దొరికితే, వీధి పొడవునా పాత గొట్టాలన్నీ మార్చడానికి సాయం అందుతుంది. దొరకకపోతే ఆ సాయం మరో పట్టణానికి పోతుంది.

నిబంధనల కాగితం పట్టుకుని మేనకోడలు అత్తయ్య ఇంటికి వచ్చింది.

"అత్తయ్యా, ఇరవై అయిదేళ్లు దాటినవాళ్లు సమావేశానికి రావచ్చు, కూర్చోవచ్చు. మేము అడిగితే తప్ప మాట్లాడకూడదు."

దర్జీ పని చేసే మామయ్య కుట్టుమిషను ఆపి మరీ నవ్వాడు. "ఇన్నేళ్లుగా నా వల్ల కానిది ఒక్క కాగితం వల్ల అయిందా! ఆ సంస్థ చిరునామా ఇవ్వమ్మా, దండం పెట్టి ఉత్తరం రాస్తాను."

"ముందు ఆ చొక్కాకి రెండు చేతులూ ఒకవైపే కుట్టకుండా చూసుకోండి," అంది ఆమె. తరువాత కాగితం అందుకుని రెండుసార్లు చదివి, "సరే, నోరు కట్టేసుకునే వస్తాను," అంది.

సమావేశం నాటి ఉదయమే ఆమె కడ్డీ తీసుకుని పై వీధి అంతా విని వచ్చింది. నాలుగో ఇంటి దగ్గర, వీధి మలుపులో, గొట్టం బుసకొడుతోంది. ఆమెకు సందేహం మిగలలేదు.

సాయంత్రం బడి గదిలో మేనకోడలు నోటుపుస్తకం విప్పింది. ఒకటే కొలత బకెట్టును ప్రతి ఇంటి కుళాయి కింద నేల మీద పెట్టి, నిండటానికి పట్టిన సమయాన్ని వారం రోజులు రాసుకున్నారు. తొమ్మిదో ఇంటి దాకా రమారమి మూడు నిమిషాలు. పదో ఇంటి నుంచి తొమ్మిది నిమిషాలు, ఆ పైన ఇంకా ఎక్కువ.

"అంటే తొమ్మిదికీ పదికీ మధ్య కారుతోంది," అంది మేనకోడలు.

"అత్తయ్య ఇక్కడే ఉందిగా, ఒక్క మాట అడిగేద్దాం," అన్నారెవరో.

"అడిగితే చెప్తుంది. చెప్తే మన పుస్తకాన్ని మనమే నమ్మం. ముందు మన లెక్క మీద మనకు నమ్మకం ఉందో లేదో తేల్చుకుందాం."

చేతులెత్తి తేల్చుకున్నారు. తొమ్మిదో ఇల్లే ఖాయమైంది. వెనుక బల్ల మీద గొట్టాలత్తయ్య చీర కొంగును ముడి వేస్తూ, విప్పుతూ కూర్చుంది. తెలిసిన మాటను పెదవి దాటనివ్వకపోవడం ఎంతటి తపస్సో ఆ పూట ఆమెకు తెలిసింది.

మర్నాడు కార్యాలయంలో ఇంజనీరు ఆమెను పిలిచాడు. అనుమతి పత్రంలో స్థలం రాయవలసిన గడి ఇంకా ఖాళీగా ఉంది.

"అమ్మా, మండలివాళ్లు తొమ్మిదో ఇల్లంటున్నారు. మీ చెవి ఏమంటోంది?"

"మలుపంటోంది సార్."

"ఇంకేం, మలుపనే రాసేస్తాను. పిల్లలకు నేను సర్దిచెప్తాలెండి."

కలం కాగితాన్ని తాకబోయింది. "ఒక్కరోజు ఆగండి సార్," అంది ఆమె.

ఆ సాయంత్రం మేనకోడలి దగ్గరకు వెళ్లి చేయి చాచింది. "మాట్లాడకూడదన్నారు గానీ చదవకూడదనలేదుగా. ఆ పుస్తకం ఇలా ఇవ్వు."

రాత పరీక్ష దిద్దే పంతులమ్మలా పుటపుటా చూసింది. తెల్లవారి నీళ్లు వదిలే వేళకు సొంత బకెట్టుతో వెళ్లి అయిదో ఇంట్లో, ఎనిమిదో ఇంట్లో తానే కొలిచింది. మూడు నిమిషాలు, మూడు నిమిషాల పది సెకన్లు. మలుపులో కారుతుంటే మలుపు దాటిన ఈ ఇళ్లకు ఇంత ధార ఎలా వస్తుంది? మళ్లీ మలుపుకు పోయి కడ్డీ ఆనించింది. బుస అలాగే ఉంది. బతుకంతా తనను మోసగించని చెవి ఒకవైపు, తప్పు పట్టలేని పుస్తకం మరొకవైపు. ఆమె చాలాసేపు నడివీధిలో నిలబడిపోయింది.

"వాళ్లు చెప్పిన చోటే రాయండి," అంది ఇంజనీరుతో.

"మరి మీ చెవి?"

"ఇప్పటికీ మలుపనే అంటోంది సార్. కానీ వాళ్ల లెక్కలో తప్పు వెతికాను, దొరకలేదు. తప్పు దొరకని మాటను నా పెద్దరికంతో కొట్టేయలేను."

"గుంత పొడిగా తేలితే?"

"తెలిసీ నోరు మెదపలేదని వీధంతా నన్ను ఆడిపోసుకుంటుంది. పోసుకోనివ్వండి."

తవ్వకం నాడు సంస్థ ప్రతినిధి, నెరిసిన జుట్టున్న ఒక స్త్రీ, తొమ్మిదో ఇంటి అరుగు మీద కాగితాలు పట్టుకుని కూర్చుంది. మోకాలి లోతు తవ్వారు, పొడి మట్టి. నడుము లోతు తవ్వారు, పొడి మట్టే. చివరి ఇంటి ముసలాయన ఇక ఆగలేకపోయాడు.

"బంగారం లాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టి లెక్కల పుస్తకాన్ని నమ్ముకున్నారు. ఇక ఆ పుస్తకాన్నే పిండుకుని తాగండి!"

మేనకోడలి ముఖం పాలిపోయింది. కళ్లు అత్తయ్య వైపు తిరిగాయి గానీ నోరు అడగలేదు. గొట్టాలత్తయ్య తల మాత్రం ఆడించింది, తవ్వమన్నట్టు.

మరో జానెడు దిగాక గునపం మెత్తగా దిగబడింది. బంకమట్టి, దాని కింద బురద, బురదలోంచి ఉబికే నీరు. మట్టి తీసి చూస్తే బారెడు పొడవున చీలిన గొట్టం.

వీధంతా ఒక్కసారి కేక పెట్టింది. గొట్టాలత్తయ్య మాత్రం గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని గొట్టాన్ని చేత్తో తడిమింది. అది ఇనుము కాదు, ప్లాస్టిక్కు. ఆరేళ్ల కిందట కాలు విరిగి ఆమె సెలవులో ఉన్నప్పుడు మలుపు నుంచి పైకి ఉన్న ముక్కను ఎవరో మార్చారు, పటంలో గీయలేదు. ఇనుము మోగుతుంది, ప్లాస్టిక్కు మూగది. నీటి సడి దానిలో అణగిపోయి, ఇనుము మొదలయ్యే మలుపు దగ్గర బయటపడింది.

ఆమె లేచి చేతులు దులుపుకుంది. "ఇప్పుడు మాట్లాడవచ్చా?"

"అడుగుతున్నాం, చెప్పత్తయ్యా," అంది మేనకోడలు.

"నేనైతే మలుపులో తవ్వించేదాన్ని. ఉన్న ఒక్క గుంతా పోయేది." ముసలాయనకు కూడా వినబడేలా చెప్పింది. "ఈ చోటు వీళ్లది."

ప్రతినిధి కాగితం తిప్పింది. "ఇక్కడ పెద్దల సహకారం అని ఒక గడి ఉందండీ. ఏం రాయమంటారు?"

"కూర్చున్నారని రాయండి," అంది గొట్టాలత్తయ్య.

"అలా రాయకండి," ఇంజనీరు అడ్డుపడ్డాడు. కలం ఎత్తిన తనను ఆమె ఎలా ఆపిందో, తెల్లవారుజామున బకెట్టు పట్టుకుని ఎలా తిరిగిందో ఉన్నదున్నట్టు చెప్పాడు. మేనకోడలు అత్తయ్య వైపు తిరిగింది.

"మా లెక్క తప్పనుకుని కూడా రాయించావా?"

"తప్పనుకోలేదే. అదే కష్టమైంది."

చీలిక అతికించిన మర్నాడు చివరి ఇంట్లో ముసలాయన బకెట్టు నాలుగు నిమిషాలకే పొంగింది. ఆయన కుళాయి కట్టడం మరచి చూస్తూ ఉండిపోతే, గొట్టాలత్తయ్యే వంగి కట్టింది. తరువాత మేనకోడలి పక్కన మెట్టు మీద కూర్చుని, ఒక కొత్త నోటుపుస్తకం తీసింది.

"గీతలు ఎలా కొట్టావో చూపించు. కింది వీధి మొత్తం కూడా ఇలాగే కొలవాలి."