సున్నుండలతో మీథేన్

ఒక స్టీలు డబ్బాలో ఒక యువకుడి భవిష్యత్తు, నలభై మంది విద్యార్థుల కళ్ళ ముందు ఎలా కరిగిపోయిందో చెబుతాను. ఆ యువకుణ్ణి నేనే కాబట్టి వివరాల్లో తేడా ఉండదు. మొహమాటపడకుండా నవ్వండి, మా పామర్రులో ఇప్పటికే అందరూ నవ్వేశారు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. ఏ పనికైనా ముందు జాబితా రాయడం నా జబ్బు. గుడికి వెళ్ళాలన్నా "ఒకటి: చెప్పులు విప్పుట" అని రాసుకునే రకాన్ని. అప్పటికే రెండు కాలేజీల్లో డెమో క్లాసు చెప్పి, రెండు చోట్లా "కబురు చేస్తాం" అనిపించుకున్నాను. మూడోది విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక జూనియర్ కాలేజీ. నాన్న తేల్చేశారు.

"ఇదీ పోయిందంటే రేపట్నుంచి మన ఎరువుల కొట్లో కూర్చో. యూరియా మాత్రం కెమిస్ట్రీ కాదేంటి?"

పాఠం: పరమాణువుల నుంచి సమ్మేళనాల దాకా. ప్లాస్టిక్ బంతులు ఎవరైనా చూపిస్తారు. నేను ఎవరైనా కాదు కదా! సరిగ్గా అప్పుడే మా సుశీల పిన్ని డబ్బాడు సున్నుండలు చేసి తెచ్చింది.

"అక్కడి పెద్దవాళ్ళ చేతికిచ్చి నమస్కారం పెట్టరా చిన్నా. మిగతాది సున్నుండలు చూసుకుంటాయి."

పిన్ని అటు వెళ్ళగానే నా మెదడు వెలిగింది. పెద్ద ఉండ కార్బన్. ఒకదాన్ని విడదీసి చేసిన చిట్టి ఉండలు హైడ్రోజన్. కొత్త చీపురు పుల్లలు కడిగి, ముక్కలు చేసి గుచ్చితే బంధాలు! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నాడట ఒకడు. నేను కట్టిన మీథేన్‌కు ఖచ్చితంగా నాలుగు. నీటి అణువు కూడా కట్టాను. జాబితాలో పదిహేడు అంశాలు. అన్నింటికీ టిక్కు పెట్టాను. పద్దెనిమిదో అంశం ఎండ. అది రాయలేదు.

మే నెల, వేసవి క్లాసుల కాలం. పామర్రు నుంచి విజయవాడకు బస్సు. ఎండ పడే వైపు కిటికీ సీటు. ఒళ్ళో డబ్బా. సూర్యుడు గంటన్నరసేపు దాని మీదే ధ్యాస పెట్టాడు.

క్లాసు మొదట్లో గంగా ప్రవాహమే. పదార్థం పరమాణువులతో ఏర్పడుతుందన్నాను. ఒకే రకం పరమాణువులుంటే మూలకం అన్నాను. వేర్వేరు మూలకాలు నిర్ణీత పాళ్ళలో రసాయనికంగా కలిస్తే సమ్మేళనం అన్నాను. వెనక బెంచీలో కూర్చున్న కెమిస్ట్రీ హెడ్ రహీమున్నీసా మేడం తల ఊపారు కూడా. ఆ ఊపులో నాకు అపాయింట్‌మెంట్ ఆర్డరు కనిపించింది.

"ఇప్పుడు మీథేన్ అణువును కళ్ళారా చూద్దాం!" అని మూత తీశాను.

లోపల మీథేన్ లేదు. నీళ్ళూ లేవు. నేతిలో ఈదుతున్న ఒక నల్లటి ముద్ద, దాని మీద నిక్కబొడుచుకున్న పుల్లలు. ఎండదెబ్బ తగిలిన ముళ్ళపందిలా ఉంది.

"సార్, ఇది ఏ అణువు?" అంది ముందు బెంచీ అమ్మాయి.

"హల్వా!" అన్నారు వెనక నుంచి ఎవరో.

వెనక బెంచీలో మేడం లేచి నిలబడ్డారు. "మురళిగారూ, పోనీండి. ఇప్పుడు ఇదేంటో చెప్పండి. సమ్మేళనమా, మిశ్రమమా?"

పది నిమిషాల కిందట నేనే నిర్వచనం చెప్పాను. అయినా కంగారు ఎమ్మెస్సీని కూడా మింగేస్తుంది.

"సమ్మేళనమండీ!"

నాకు యూరియా వాసన తగిలింది.

"ఎవరు చేశారండీ ఇవి?"

"మా పిన్నండీ."

"ఫోన్ చేసి కొలతలు అడగండి. స్పీకర్ పెట్టండి."

చేశాను. "పిన్నీ, సున్నుండల్లో నెయ్యి ఎంత పోస్తావు?"

"కొలతేంట్రా? చేతికొచ్చినంత."

"తక్కువైతే?"

"పొడిపొడిగా ఉంటుంది."

"ఎక్కువైతే?"

"జారుగా ఉంటుంది. ఏదైనా సున్నుండేగా! ఇంతకీ ఉద్యోగం వచ్చిందా?"

మేడం క్లాసు వైపు తిరిగారు. "విన్నారుగా? పాళ్ళు మారినా సున్నుండే. మరి నీళ్ళు?"

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "ఒక ఆక్సిజన్‌కి రెండు హైడ్రోజన్లే ఉండాలి మేడం. పాళ్ళు మారితే నీళ్ళు కావు. కాబట్టి సున్నుండ మిశ్రమం!"

నేను సుద్దముక్క అందుకున్నాను. "అవును! ఇంకో ఆక్సిజన్ చేరితే పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. తాగితే ఆసుపత్రే. నేను చెప్పింది తప్పు. మా పిన్ని చెప్పింది ఒప్పు. బోర్డు మీద రాస్తున్నాను, మీరూ రాసుకోండి."

నలభై పెన్నులు కదిలాయి. మేడం నవ్వారు.

"తప్పును బోర్డు మీద దిద్దుకునే మాస్టారు నాకు కావాలండీ. న్యాయంగా ఈ ఉద్యోగం మీ పిన్నిగారిది. ఆవిడ రానంటే సోమవారం మీరే చేరండి. ఆ డబ్బా మాత్రం స్టాఫ్ రూముకి పంపండి. పుల్లలు తీసేసి!"

నా ఆనందం ఒక్క క్షణమే. ఫోన్ పెట్టేయడం మరిచిపోయాను.

"పుల్లలా?" అంది స్పీకర్. "ఒరేయ్, నా సున్నుండలకి పుల్లలు గుచ్చావా? ఏం పుల్లలురా అవి?"

అబద్ధం చెప్పడానికి నాకు జాబితా రాసుకునే వ్యవధి కూడా లేదు. "కొత్త చీపురువే పిన్నీ, కడిగాను కూడా" అనేశాను.

ఆ ఉద్యోగంలో ఇప్పటికీ ఉన్నాను. పరమాణువుల పాఠం వచ్చిన ప్రతి ఏడూ, కృష్ణమ్మ సాక్షిగా, ఇంగువ కట్టిన గుడ్డ వాసనలా వదలని ఈ శపథాన్ని మళ్ళీ చేస్తాను: ఇక ఈ జన్మలో మే నెలలో మీథేన్‌ను బస్సెక్కించను. ఒకవేళ ఎక్కించినా, పుల్లల మాట రాకముందే పిన్ని ఫోన్ కట్ చేస్తాను.