ముందు వచ్చినవాళ్ళ కబురు

నా చిన్నప్పుడు, ఎనభైల చివర్లో, మేము ఒమాన్‌లోని సూర్‌లో ఉండేవాళ్ళం. నాన్న దర్జీ. దగ్గర్లో మన బడి లేదు. నాకు అక్షరాలు పెళ్ళయ్యాకే వచ్చాయి. వీధిలో ఆడి ఆడి అరబ్బీ మాత్రం గడగడా మాట్లాడేదాన్ని.

మా మేడ మీది ఆయన చెల్లెలు హైదరాబాద్ నుంచి వచ్చింది. ఆమెను అక్కా అనేదాన్ని. ఏదో ఫెలోషిప్ అట. ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ కథలు, వాళ్ళ పిల్లల నోటే విని టేపులో పట్టాలి. మా వీధిలో ఆ కథ తెలిసింది పక్కింటి అవ్వ ఒక్కతికే. ఆమె నోరు విప్పకపోతే అక్క ఖాళీ టేపుతో పోవలసిందే. మాట అటూ ఇటూ చేరవేయడానికి నన్ను వెంట తీసుకెళ్ళింది.

అవ్వ ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, కబుర్లేమిటని అడిగేది. "ఏం లేవని చెప్పవే. వాళ్ళ అమ్మను ఎవరు కొన్నరో అడుగు" అంటూ అక్క టేపు నొక్కేది. అవ్వ మూతి ముడిచేది. చివరికొకరోజు నాతో, "ఈమె పోలీసా?" అంది. అక్కకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. అక్క ముఖం మాడిపోయింది.

జాలేసిందేమో, అవ్వే విడమరిచింది. అక్కడి మర్యాద అది. గడప దాటి వచ్చినవాళ్ళే ముందు తమ కబురు చెప్పాలి, ఆ తర్వాతే ఇంటివాళ్ళు. పిల్లల కబురు ఎవరడుగుతారు? అందుకే ఆ మర్యాద నాకూ తెలియదు.

అక్క టేపు ఆపింది. వాళ్ళ నాయనమ్మ సంగతి ఎత్తింది. ఊరి బావి దగ్గర ఆమె దూరంగా నిలబడాలట. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తేనే బిందెలో నీళ్ళట. మైలకు అరబ్బీ మాట నాకు రాదు. ఆమె తాకితే నీళ్ళు పాడవుతాయనేవాళ్ళని చెప్పాను.

"ఆ సంగతి నీళ్ళకెవరు చెప్పారు?" అని అవ్వ పగలబడి నవ్వింది. అక్కకూ నవ్వాగలేదు. అవ్వ కళ్ళు తుడుచుకుని, "మా అమ్మను కొన్న ఇంట్లో పిల్లలంతా ఆమె పాలు తాగే పెరిగారు. ఒక్కడూ నల్లబడలేదు! పెట్టు, నీ మర ఇప్పుడు పెట్టు" అంది.

ఇక ఆగితే ఒట్టు. ఓడలో అమ్మ పాడిన పాట చప్పట్లతో అందుకుంది. వీధి ఆడవాళ్ళంతా వచ్చి చిందులేశారు. అక్క కొంగు దోపుకుని బతుకమ్మ అడుగు వేసింది. టేపు రెండోవైపు తిప్పింది నేనే.

మొన్న మనవరాలు ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి నా ముందు పెట్టి, "నీ కథ చెప్పు అమ్మమ్మా" అంది. ముందు నీది చెప్పమన్నాను. నసిగి నసిగి, బడిలో తనను కర్రిపిల్లా అంటున్నారని చెప్పింది. ఆ పూట నా కథ ఊసే ఎత్తలేదు. దానిదే విన్నాను.